ఇంటి సంపు – మోటారు పంపు: ప్రాణభద్రతకు పాటింపవలసిన పద్ధతులు

(ఒక గ్రామ పంచాయతీ ఆవరణలో రైతు సోదరులను, గృహిణులను ఉద్దేశించి విద్యుత్ ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



 నేను వక్తను గాను. ముప్పది సంవత్సరములకు పైగా కరెంటు స్తంభములకును, తీగలకును నడుమ తిరిగినవాడను. అందుచేత నేను మీకు చెప్పబోవునది పాండిత్యముతో కూడినది కాదు. మీలో చాలమంది యిండ్లలో ఇదివరకే యున్నదియు, తక్కినవారు రేపో మాపో కట్టించుకొనబోవునదియు నగు నీటి సంపును గూర్చి, దానిపై అమర్చు మోటారును గూర్చి నాలుగు మాటలు చెప్పెదను. విషయము చిన్నదే. కాని దానియందు ఇంటిల్లిపాది ప్రాణములు ఇమిడియున్నవి.

ఒకప్పుడు మన పల్లెలలో నీటికొరకు బిందె చంక నిడుకొని చెరువునకో, ఊరి మంచినీళ్ళ బావికో పోవలసి యుండెడిది. గిలక, చేద, చేంతాడు – ఇవే ఆనాటి యంత్రములు. చేద లాగుటలో రెక్కల కష్ట ముండెను గాని షాకు భయము లేదు. నేడు కాలము మారినది. తెలంగాణమున మిషన్ భగీరథ పథకము వలనను, 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన్ మిషన్ వలనను అనేక గ్రామములలో ఇంటి ముంగిటికే కుళాయి వచ్చినది. అయితే పలుచోట్ల కుళాయి నీరు దినమంతయు రాదు. వచ్చిన కొద్ది గంటలలో పట్టి దాచుకొనవలెను. అందుకే నేలలో సంపు, మిద్దెపై ట్యాంకు, రెంటికిని నడుమ మోటారు – ఈ మూడును మన గృహములలో ప్రవేశించినవి.

కుళాయికి మోటారు తగిలింపరాదు

మొట్టమొదట ఒక తప్పును మీ దృష్టికి తెచ్చెదను. నీరు సన్నగా వచ్చుచున్నదని కొందరు కుళాయి గొట్టమునకే నేరుగా మోటారు తగిలించి లాగుదురు. ఇది పొరుగువాని నీటిని దోచుకొనుట మాత్రమే కాదు. మోటారు లాగినపుడు గొట్టములో ఒత్తిడి పోయి, బయటి కంటె లోపల పీల్చుడు ఎక్కువగును. ఆ గొట్టము మురుగు కాలువ ప్రక్కన ఎక్కడైన చిల్లి పడియున్నచో, ఆ మురుగు లోనికి పోవును. అట్లు కలుషితమైన నీటిని వీధి వీధంతయు త్రాగును. విరేచనములు, కామెర్లు వ్యాపించుటకు ఇది యొక దారి. కనుక కుళాయి నీరు తన వేగముతో తాను వచ్చి సంపులో పడవలెను. మోటారు సంపు నుండి మాత్రమే లాగవలెను.

సంపు కొలత, తావు, మూత

ఎంత సంపు కావలెను? జల జీవన్ మిషన్ లెక్క మనిషికి దినమునకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. పాడి గేదె లున్నచో ఒక్కొక్కదానికి త్రాగుటకే 50 లీటర్లకు తక్కువ పట్టదు. ఈ లెక్కన 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 1 మీటరు నీటి లోతు గల సంపు 2000 లీటర్లు పట్టును. పాడి గేదెలు గల కుటుంబమునకు ఇది నాలుగైదు దినముల నిలువ. ఇంతకంటె పెద్దది త్రవ్వించి నీటిని వారములకొలది మురుగబెట్టుట మేలు కాదు.

మరుగుదొడ్డి గుంటకును, పశువుల కొట్టమునకును వీలైనంత దూరముగా, వాటికి ఎగువ వైపున సంపు ఉండవలెను. మూత చుట్టును నేలకంటె ఒక జానెడు ఎత్తుగా గట్టు కట్టినచో వాననీరు, పేడనీరు లోనికి దిగవు. అడుగు ఒక మూలకు కొంచెము వాలుగా నుండి, ఆ మూల చిన్న గుంట యున్నచో కడిగినప్పుడు మడ్డి యంతయు అక్కడ చేరును.

మూత మాట మరువవలదు. పగిలిన బండయో, రేకు ముక్కయో మూత కాదు. పసిపిల్లవాడు పైన నడచినను క్రుంగని మూత కావలెను. దానికి తాళము కావలెను. తాళపుచెవి పెద్దవారి చేతిలో నుండవలెను. నీరు వచ్చిన వేళ మూత తీసి, ‘నిండినదా’ యని చూచి, లోపలి పనికి పిలుపు రాగా అట్లే వదలి పోయిన తల్లులను నే నెరుగుదును. రెండు సంవత్సరముల బిడ్డకు మోకాలి లోతు నీరైనను చాలును. కాబట్టి మూత తెరచినవారే దానిని మూయవలెను. గాలి గొట్టము నోటికి సన్నని వల కట్టినచో దోమలు చేరవు. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ మురుగునీటిలో గాక, ఇట్టి నిలువ మంచినీటిలోనే గ్రుడ్లు పెట్టునను సంగతి మీకు తెలియును గదా.

ఏ మోటారు కొనవలెను?

దుకాణమునకు పోయి ‘పెద్ద మోటారు ఇమ్ము’ అనుట మనవారికి అలవాటు. పెద్ద మోటారు మంచి మోటారు కాదు. తగిన మోటారు మంచి మోటారు. మోటారుకు అంటించిన రేకుపై కొన్ని అంకెలు చెక్కియుండును. అందు ‘హెడ్’ అనునది ఎంత ఎత్తునకు నీటి నెత్తగలదో తెలుపును. సంపులోని నీటిమట్టము నుండి మిద్దెపై ట్యాంకు నోటి వరకు ఎత్తు కొలిచి, గొట్టము లోని వంపుల రాపిడికి మరికొంత కలుపుకొనవలెను. ఒక అంతస్తు ఇంటికి సాధారణముగా అర హార్సుపవరు మోటారు చాలును. మిక్కిలి ఎత్తునకు తయారైన సెంట్రిఫ్యూగల్ పంపును తక్కువ ఎత్తున నడిపినచో నీరు అధికముగా పారి, మోటారుపై భారము పెరిగి అది వేడెక్కును. చుట్ట కాలిపోవుటకు ఇది యొక కారణము. ఐ.ఎస్.ఐ. ముద్ర యున్నదానినే కొనవలెను.

ఇంటి మోటార్లు రెండు విధములు. ఒకటి బయట గట్టుపై కూర్చుండి పీల్చునది. రెండవది నీటిలో మునిగి నెట్టునది. బయట నుండునది నీటిని పీల్చుటకు ఒక హద్దు కలదు. గాలి ఒత్తిడి వలననే నీరు గొట్టములో పైకెక్కును గనుక, లెక్క ప్రకారము సుమారు 10 మీటర్లకు మించి ఏ పంపును పీల్చలేదు. ఆచరణలో 6, 7 మీటర్లు దాటదు. సంపు లోతు అంత యుండదు కనుక చిక్కు లేదు. లోతైన ఇంటి బావికి మాత్రము మునుగు పంపే తగినది.

బయట పెట్టు మోటారును సంపులోపలి మెట్టు మీదగాని, నేలమట్టముగా గుంటలోగాని పెట్టరాదు. నేలకు అడుగున్నర ఎత్తున సిమెంటు దిమ్మె కట్టి, దానిపై బోల్టులతో బిగించి, ఎండకు, వానకు నీడ ఏర్పరచవలెను. మీ ఊరిలో వరద వచ్చినపుడు నీరు ఎంతవరకు నిలిచెనో పెద్దల నడిగి, దిమ్మె దానికంటె ఎత్తుగా నుండునట్లు చూడవలెను. గాలి ఆడని పెట్టెలో మోటారును బంధింపరాదు.

పీల్చు గొట్టము పంపు నోటికంటె సన్నముగా నుండరాదు. అది సంపు నుండి పంపు వైపునకు పైకి వాలుగానే పోవలెను. నడుమ గూనివలె వంగినచో అక్కడ గాలి చిక్కుకొని నీరు రాదు. కొన యందలి ఫుట్ వాల్వు అడుగునుండి ఒక జానెడు పైన నుండవలెను. లేనిచో మడ్డి లాగును. అతుకులలో గాలి దూరరాదు. మొదటిసారి నడుపునపుడు పంపులో మంచినీరు నింపి గాలిని వెడలింపవలెను. నీరు లేక వట్టిగా తిరిగినచో లోపలి సీలు మాడి, నీరు చుక్క చుక్కగా మోటారులోనికి జారును. ఆ జారిన నీరే మున్ముందు షాకునకు మూలము. సంపు అడుగంటినపుడు మోటారును తనంతట తాను ఆపు తేలుడు స్విచ్చి యొకటి అమర్చుకొనుట ఖర్చు కాదు, పొదుపు.

కుళాయిలో కరెంటు

ఇక అసలు సంగతికి వత్తును. కొన్ని సంవత్సరముల క్రిందట మరొక పనిమీద ఒక గ్రామమునకు పోయి, ఒక రైతు ఇంటి అరుగుపై కూర్చుంటిని. మంచినీళ్ళు తెచ్చిన ఇల్లాలు మెల్లగా అడిగెను: “అన్నగారూ, మీరు కరెంటువారట గదా. మా పెరట్లో కుళాయి తిప్పితే చెయ్యి జివ్వుమంటుంది. ఎందుకంటారు?”

లోపలినుండి ఆమె మగడు నవ్వుచు, “అదేం లేదండీ, నేల చెమ్మ. చెప్పులేసుకుని తిప్పమని చెప్పాను” అనెను.

నేను లేచి పెరటిలోనికి పోయితిని. సంపు ప్రక్కన మోటారు, దానినుండి ఇనుప గొట్టము, గొట్టమునకు కుళాయి. టెస్టరు పెట్టగా మోటారు ఒంటిమీద దీపము వెలిగినది. మోటారు తీగెలో ఆకుపచ్చ తీగె యున్నది. కాని దానిని కత్తిరించి, పైన టేపు చుట్టిరి. ఏల యనగా ఇంటిలోని ప్లగ్గునకు రెండే రంధ్రములు! ఆ కుళాయి క్రిందనే వారి చిన్న పిల్లవాడు ప్రతిదినమును స్నానము చేయుచుండెను. వాడు అంతవరకు నిలుచుండిన చెక్క పీటయే వానిని కాపాడినది. ఆ మాట చెప్పగా ఆ తండ్రి ముఖము పాలిపోయెను. ఆ సాయంకాలమే పట్టణమునుండి పనివానిని పిలిపించి ఎర్తింగు వేయించినాడు.

సోదరులారా, కుళాయి ‘జివ్వు’ మనుట చెమ్మ కాదు. అది హెచ్చరిక. అట్టి హెచ్చరిక అందరికిని రాదు; కొందరికి మొదటి షాకే చివరిది.

దీనిలోని లెక్క వినుడు. మన ఇండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులు. తడిసిన మనిషి ఒంటి నిరోధము ఇంచుమించు 1000 ఓములనుకొందము. 230ని 1000 చే భాగించినచో 0.23 ఆంపియరు, అనగా 230 మిల్లీ ఆంపియర్లు. ఒక మిల్లీ ఆంపియరు పారినచో చీమ కుట్టినట్లుండును. పది దాటినచో కండరములు బిగుసుకొని పట్టినది వదలలేము. ముప్పది దాటి మరికొంత సేపు పారినచో ఊపిరికిని, గుండెకును ముప్పు. అట్టిచోట 230 అన్నచో ఏమగునో నేను చెప్పనక్కరలేదు.

మూడు కాపులు

ఈ ముప్పునుండి కాపాడునవి మూడు. మూడును ఉండవలెను, ఒకటి యున్నది గదా యని రెండవదానిని మానరాదు.

మొదటిది ఎర్తింగు. మోటారు ఒంటిని ఆకుపచ్చ తీగెతో భూమికి కలుపుటయే ఎర్తింగు. దీనికి ఒకటిన్నర అంగుళముల లోపలి వ్యాసము, రెండున్నర మీటర్ల పొడవు గల జి.ఐ. గొట్టమును నేలలో నిలువుగా దింపి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయుదురు. గోడకు ఒకటిన్నర మీటరు ఎడముగా నుండవలెను. వేసవిలో దానిలో నీరు పోయుచుండవలెను. ఎండిన నేల కరెంటును సులువుగా తీసికొనదు. ఇనుప మేకును గోడలో కొట్టి ‘ఇదే ఎర్తు’ అనుట మనలను మనము వంచించుకొనుట. కుళాయి గొట్టము ఎర్తు కాదు. ఇప్పుడు గొట్టములు చాలవరకు ప్లాస్టిక్కువి. వానిగుండా కరెంటు భూమికి పోదు.

కొందరు తెలివిగలవారు న్యూట్రల్ తీగెనే మోటారు ఒంటికి కలుపుదురు. ‘రెండును ఒకటే గదా’ అందురు. కాదు. బయట స్తంభముపై న్యూట్రల్ తెగినచో ఆ క్షణమున మోటారు ఒళ్ళంతయు 230 వోల్టులతో నిండును. మరికొందరు న్యూట్రల్ లేక, ఎర్తింగు గొట్టమునే న్యూట్రల్‌గా చేసి మోటారు నడుపుదురు. అప్పుడు ఆ గొట్టము చుట్టునున్న తడి నేలయంతయు కరెంటుమయము. నాలుగు కాళ్ళ పశువు ముందు కాలు ఒకచోట, వెనుక కాలు ఇంకొకచోట పెట్టునుగదా. ఆ రెండు చోట్ల వోల్టులలోని తేడాయే దానిని కూల్చును. కరెంటు స్తంభముల క్రింద, ఎర్తింగు గుంటల వద్ద గొడ్లు పడిపోవుట మీరు వినియే యుందురు.

రెండవ కాపు ఆర్.సి.సి.బి. అను చిన్న పెట్టె. ఇది యెందులకో లెక్కతో చెప్పెదను. ఎర్తింగు సరిగా లేక దాని నిరోధము 50 ఓములున్నదనుకొనుడు. 230ని 50 చే భాగించినచో సుమారు నాలుగున్నర ఆంపియర్లు. పది ఆంపియర్ల ఫ్యూజు దానికి కరుగదు. ఫ్యూజు నిలిచియుండును, మోటారు ఒంటిలో కరెంటును నిలిచియుండును. ఆర్.సి.సి.బి. పని వేరు. అది పోవు కరెంటును, తిరిగి వచ్చు కరెంటును తూచుచుండును. కిరాణా కొట్టు త్రాసు వంటిది. ఒక ప్రక్క 30 మిల్లీ ఆంపియర్లు తరిగినచో, అవి భూమిలోనికో, మనిషి ఒంటిలోనికో పోవుచున్నవని గ్రహించి, రెప్పపాటులో కరెంటును కత్తిరించును. ఇంటికి కొనవలసినది 30 మిల్లీ ఆంపియర్లదే. 100, 300 అని వ్రాసియున్నవి మనుష్యులను కాపాడుటకు కాదు.

దానిపై ‘టి’ అను మీట యుండును. నెల కొకసారి దానిని నొక్కవలెను. కరెంటు పోయినచో పెట్టె బాగున్నదని అర్థము, పోనిచో మార్చవలెను. అయితే ఈ మీట మీ ఎర్తింగు బాగున్నదని చెప్పదు. దానిని వేరుగా పరీక్షింప జేయవలెను. ఒక చేతితో ఫేజు తీగెను, మరొక చేతితో న్యూట్రల్ తీగెను పట్టుకొన్నవానిని ఆర్.సి.సి.బి. కాపాడలేదు, ఏలయన తరుగు లేదు గనుక. దానిని నమ్మి తీగెలతో ఆడవలదు. మోటారు మాటిమాటికి దానిని పడగొట్టుచున్నచో కొందరు పనివారు ‘ఈ పెట్టె చెడ్డది’ యని తీసి పారవేయుదురు. కుక్క మొరుగుచున్నదని కుక్కను చంపి దొంగను ఇంటిలో ఉంచుకొనుట అట్టిదే.

మూడవ కాపు ఎం.సి.బి. లేక సరియైన ఫ్యూజు. మోటారు చిక్కుకొని ఎక్కువ కరెంటు లాగినపుడు ఇది ఆపును. ఫ్యూజులో లావుపాటి రాగి తీగె చుట్టుట చుట్టకు నిప్పు పెట్టుటయే.

తీగెలు రాగివై, మూడు పోగులు కలవై, అతుకులు లేనివై యుండవలెను. అతుకు తప్పనిచో మూత గల పెట్టెలో, నీటికి ఎత్తుగా నుండవలెను. స్విచ్చి సంపునకు ప్రక్కన గాక, గోడపై నాలుగున్నర అడుగుల ఎత్తున, వాన తగులని చోట నుండవలెను. తడి చేతితో, తడి నేలపై వట్టి కాళ్ళతో స్విచ్చి వేయరాదు. ఈ పనులన్నియు లైసెన్సు గల పనివానిచేతనే చేయింపవలెను. కరెంటు స్తంభముపై లోపమున్నచో మీరు ఎక్కరాదు. 1912 నంబరునకు ఫోను చేయవలెను.

మునుగు పంపు, నీరు నిండిన సెల్లారు

నీటిలో మునుగు పంపునకు జాగ్రత్త రెండింతలు. దానిని తీగె పట్టి దింపరాదు, తీగె పట్టి లాగరాదు. నైలాను మోకు వేరుగా కట్టవలెను. నీటికై తయారైన తీగెనే వాడవలెను. అది సంపులో ఉన్నంతవరకు అతుకు ఉండరాదు. పంపు నీటిలోనున్నపుడు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాతనే నీటిలో చేయి పెట్టవలెను. స్విచ్చి ఒక్కటి ఆపుట చాలదు. స్విచ్చి తప్పుగా న్యూట్రల్ తీగెకు తగిలించియున్నచో, ఆపినను పంపులో కరెంటు నిలిచియుండును.

మీ పిల్లలు, బంధువులు పట్టణములలో ఉద్యోగములు చేయుచున్నారు. వారి భవనములకు క్రింద నేలలోపల బండ్లు నిలుపు గదు లుండును. వానిని సెల్లారు లందురు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదున కురిసిన పెనువానకు అనేక భవనముల సెల్లారులు నీటితో నిండినవి. అట్టి నీటిలోనికి మోటారు వేయుటకై దిగుట మృత్యువునకు ఎదురేగుట. నీట మునిగిన స్విచ్చి బోర్డు ఆ నీటినంతయు కరెంటుతో నింపగలదు. మొదట భవనమునకు వచ్చు కరెంటునే బయట ఆపించి, తరువాతనే దిగవలెను.

వాన రాకముందే చేయవలసిన యేర్పాటు వేరు. సెల్లారు పల్లపు మూల రెండడుగుల చదరము, రెండున్నర అడుగుల లోతు గల గుంట త్రవ్వి, జల్లెడ మూత వేసి, అందు తేలుడు స్విచ్చి గల మునుగు పంపు నుంచవలెను. నీరు పెరిగినచో పంపు తానే నడచును. బయటికి పోవు గొట్టములో, పోయిన నీరు తిరిగి రాకుండ ఆపు వాల్వు ఉండవలెను. ఆ నీరు కాలువలో పడవలెను గాని గోడ మొదట పడరాదు. పడినచో ఇంకి మరల సెల్లారునకే వచ్చును. స్విచ్చి బోర్డు పై అంతస్తులో నుండవలెను. వానకాలమునకు ముందు గుంటలో నాలుగు బిందెల నీరు పోసి, పంపు నడచునో లేదో చూచుకొనవలెను. ఈ నాలుగు మాటలు ఉత్తరములోనో, ఫోనులోనో మీవారికి తెలుపుడు.

కనబడని శత్రువు

కరెంటు కంటె మోసకారియైనది ఇంకొకటి కలదు. అది సంపులోని చెడుగాలి.

నా కన్నుల యెదుట జరిగిన దానిని చెప్పెదను. ఒక గ్రామమున క్రొత్త ఇల్లు కట్టుచుండిరి. సంపు పైకప్పు వేసి, మూత పెట్టి, మూడు వారములు వదలిరి. ఒక ఉదయము, లోపలి సెంట్రింగు చెక్కలు తీయుటకు ఒక యువకుడు దిగెను. పిలిచినను పలుకలేదు. ఏమైనదో చూతమని అతని అన్న దిగెను. అతడును పలుకలేదు. మూడవవాడు దిగబోవుచుండగా, అక్కడనే యున్న ఒక ముసలి మేస్త్రి వాని నడుము పట్టి వెనుకకు లాగి, “ఒరే, దిగకురా! గాలి లేదురా లోన!” అని కేక వేసెను. నేను కరెంటు మీటరు పని మీద ఆ వీధినే యుంటిని. మూత ప్రక్కనున్న స్లాబును పగులగొట్టి, గాలి విసరు యంత్రము పెట్టి, ఇద్దరను మోకులతో పైకి తీయునప్పటికి చాల ఆలస్యమైనది. అన్న బ్రతికెను. తమ్ముడు బ్రతుకలేదు. ఆ సంపులో ఆనాడు మోకాలి లోతు నీరైనను లేదు.

అతనిని చంపిన దేమి? తడిసిన చెక్కలు మూసిన చోట క్రుళ్ళును. క్రుళ్ళుటలో అవి గాలిలోని ఆమ్లజనిని తినివేసి బొగ్గుపులుసు గాలిని విడుచును. మనము పీల్చు గాలిలో నూటికి సుమారు 21 పాళ్ళు ఆమ్లజని యుండవలెను. 19న్నర కంటె తగ్గినచో అది ప్రమాదస్థలము. పది పాళ్ళకు దిగినచో మనిషి తాను పడిపోవుచున్నానని తెలియకనే పడిపోవును. వాసన లేదు, రంగు లేదు.

మన పెద్దలకు ఈ సంగతి తెలియదా? తెలియును. జొన్నల పాతర తెరచిన వెంటనే ఎవరిని దిగనిచ్చెడివారు కారు. తెరచి, చాలసేపు వదలి, దీపము దింపి చూచి, అటుపిమ్మట మనిషిని దింపెడివారు. పాతరలు పోయినవి, ఆ జాగ్రత్తయు వానితోనే పోయినది. సంపు కూడ ఒక పాతరయే యని మనము మరచితిమి.

అయితే నేటి శాస్త్రము దీపపు పరీక్షకు ఒక హద్దు చెప్పుచున్నది. దీపము ఆరినచో దిగరాదనుట నిజము. దీపము వెలిగినంత మాత్రమున దిగవచ్చుననుట నిజము కాదు. విషపు గాలి ఉన్నను దీపము వెలుగుచుండవచ్చును. మండెడి గాలి యున్నచో దీపమే ప్రమాదమగును. డీజిలు, పెట్రోలు ఇంజనును సంపులోగాని, బావిలోగాని, సెల్లారులోగాని ఎన్నడును నడుపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకనే చంపును. దూరమున పెట్టి గొట్టముతో లాగుడు. సంపు కడుగునపుడు బ్లీచింగు పొడిని, ఆసిడ్డును కలిపి చల్లరాదు. ఆ రెంటి కలయికలో క్లోరిను విషవాయువు పుట్టును.

అందుచేత సంపులో దిగవలసి వచ్చినచో పద్ధతి యిది. వీలైనంత వరకు దిగకనే, పైనుండి పొడవాటి చీపురుతో, పంపుతో కడుగుడు. తప్పనిచో మూత లన్నియు ఒక పగలు, ఒక రాత్రి తెరచి, పిల్లలు పడకుండ చుట్టును తడిక కట్టి కాపలా యుంచుడు. విసరు యంత్రముతో గాలి అడుగువరకు పంపుడు. మోటారు ప్లగ్గు తీయుడు. దిగువాని నడుమునకును, భుజములకును మోకు కట్టి, ఆ మోకు కొన ఇద్దరు పైన పట్టుకొనవలెను. మాట మాటకు అతడు పలుకుచుండవలెను. పలుకనిచో మోకు లాగుడు. రెండవవాడు దిగరాదు. ఎంత ప్రియమైనవాడైనను, కన్న కొడుకైనను, దిగరాదు. దిగినచో ఒక శవమునకు బదులు రెండు. 101 నంబరుకు అగ్నిమాపక దళమునకు, 108కి అంబులెన్సుకు ఫోను చేసి, పైనుండియే గాలి పంపుచుండుడు.

షాకు తగిలినపుడు

షాకు తగిలిన మనిషిని మొదట చేతితో ముట్టరాదు. స్విచ్చి, మెయిను ఆపుడు. అది అందనిచో, పొడి చెక్కపై నిలుచుండి పొడి కర్రతో తీగెను త్రోసివేయుడు. తరువాత పిలిచి చూడుడు. పలుకక, ఊపిరి ఆడకున్నచో వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై నొకటి యుంచి, నిమిషమునకు 100 నుండి 120 సారులు, రెండంగుళముల లోతు దిగునట్లు గట్టిగా నొక్కుచుండుడు. 108 వచ్చునంతవరకు ఆపవలదు. అలసినచో మరొకరు అందుకొనవలెను. లేచి కూర్చున్నవానిని కూడ ఆసుపత్రికి తీసికొని పోవలెను. గుండె దెబ్బ కొన్ని గంటల తరువాత బయటపడవచ్చును.

ముగింపు

ఇంతవరకు చెప్పిన వానిలో మీరు ఇంటికి పోయి రేపు ఉదయమే చేయదగినవి కొన్ని గలవు. మోటారునకు ఆకుపచ్చ తీగె తగిలియున్నదా? సంపు మూతకు తాళ మున్నదా? ఆర్.సి.సి.బి. మీట నొక్కినచో కరెంటు పోవుచున్నదా? ఎర్తింగు గుంటలో తడి యున్నదా? ఈ నాలుగింటిని చూచుటకు పావుగంట పట్టదు. పైసా ఖర్చు కాదు. ఏ ఒక్కదానికైన ‘లేదు’ అను జవాబు వచ్చినచో, అది సరియగువరకు ఆ మోటారు నడుపక, చేదతోనే నీరు తోడుకొనుడు. రెండు దినముల కష్టమే కదా.

మేము ఎన్ని స్తంభములు నాటినను, ఎన్ని తీగెలు లాగినను, మీ పెరటిలోని ఆకుపచ్చ తీగె మా చేతిలో లేదు. అది మీ చేతిలోనే యున్నది. ఈ పంచాయతీ యువకులు పదిమంది కలసి ఇంటింటికి పోయి ఈ నాలుగు ప్రశ్నలు అడిగి చూచి, లోపమున్న ఇండ్లను గుర్తించి, లైసెన్సు గల పనివానిని ఒకేసారి పిలిపించినచో ఖర్చును తగ్గును, ఊరికి మేలును కలుగును. అట్లు చేసెదమని ఈ సభలో వారు మాట యిత్తురేని, నేను ఇంత దూరము వచ్చిన శ్రమ ఫలించినదని భావింతును.